ఫెజ్‌లో నేను దోసెలు మానేసిన రోజు

2024 అక్టోబరు. న్యూజెర్సీలో ప్లెయిన్స్‌బరో. మా అపార్టుమెంట్ల వెనక చెట్లు ఎర్రబడి ఆకులు రాల్చే రోజులు. అప్పటికి పన్నెండేళ్ళుగా ఆ చుట్టుపక్కల తెలుగువాళ్ళకి వంట ఆర్డర్లు చేస్తున్నాను. పుట్టినరోజులు, సీమంతాలు, మా తెలుగు చర్చిలో ఫెలోషిప్ భోజనాలు, కొత్తగా వచ్చిన స్టూడెంట్లకి వారం వారం కూరల డబ్బాలు. నేను నాలుగో తరగతి దాటలేదు. అయినా వందమందికి పులిహోర కలపాలంటే చింతపండు ఎంత నానెయ్యాలో చెప్పడానికి నాకు కాగితం అక్కర్లేదు.

నా దగ్గర ఆర్డరు పెట్టేవాళ్ళకి కొన్ని షరతులున్నాయి. స్టీలు డబ్బాలు కడిగి తిరిగివ్వాలి. గురువారం మధ్యాహ్నం దాటాక శనివారం ఆర్డరు ఒప్పుకోను. పదిమంది వస్తుంటే పదిహేనుమందికి వండమంటే వండను, మిగిలింది చెత్తబుట్టలో పడటం నేను చూడలేను. ఈ షరతుల మీద నాతో గొడవపడి వెళ్ళిపోయినవాళ్ళున్నారు. రెండు నెలలు తిరక్కముందే డబ్బాలు కడుక్కుని మళ్ళీ వచ్చారు.

ఈ పనిలో చాలామందికి తెలియని కొమ్మ ఒకటుంది. దాన్ని టూర్ కుక్ అంటారు. మనవాళ్ళు పదిమంది కలిసి ఏదైనా దేశం చూడటానికి వెళ్తే, అక్కడి తిండి పడుతుందో లేదోనని వంటమనిషిని వెంటబెట్టుకుని వెళ్తారు. వంటగది ఉన్న ఇల్లు అద్దెకు తీసుకుంటారు. వంటమనిషికి విమానం టిక్కెట్టు, పడుకోవడానికి ఒక గది ఇస్తారు. ఆమె మూడు పూటలా వండిపెట్టాలి. ఆ ఊళ్ళో కూరగాయల బజారు తప్ప ఆమె ఏమీ చూడదు. నేను అలా మూడు దేశాలు తిరిగొచ్చాను. మూడు దేశాల్లోనూ ఉల్లిపాయలు ఎలా ఉంటాయో చెప్పగలను.

ఆ అక్టోబరులో మా చర్చివాళ్ళు పదిమంది మొరాకో దేశంలో ఫెజ్ అనే పాత నగరం చూడాలనుకున్నారు. నన్ను మాట్లాడుకోవడానికి ఆనందరావు గారు, ఆయన భార్య సుశీల మా ఇంటికి వచ్చారు. ఆనందరావు గారు మందుల కంపెనీలో ప్రాజెక్ట్ మేనేజరు. అరవైకి దగ్గరపడిన మనిషి. కూర్చోగానే ఒళ్ళో లాప్‌టాప్ తెరిచి రంగురంగుల పట్టిక చూపించారు.

"ఆంటీ, మొత్తం ఇరవై ఆరు ప్లేసులు. ఎల్లో కలర్ అంటే చూడాల్సినవి. చూడగానే గ్రీన్ చేస్తాను. చాలా పాత సిటీ. లోపలికి కార్లు వెళ్ళవు, అంతా నడకే."

"మీరు నడుస్తారా?" అన్నాను. మనిషి వాటం అలాంటిది.

"నడకకి యాప్ వేసుకున్నాను ఆంటీ. ఫుడ్ ఒక్కటే మీ డిపార్ట్‌మెంట్. అక్కడి తిండి మనకి పడదు."

"ఎప్పుడు తిన్నారు?"

"తినలేదు. రివ్యూలు చదివాను."

సుశీల అంతవరకూ మాట్లాడలేదు. అప్పుడు మెల్లగా, "ఫెజ్ చూద్దామని నేనే అన్నాను పిన్నిగారూ, అక్కడ ఒక మదరసా..." అంది.

"ఐడియా తనది, ప్లానింగ్ నాది," అని ఆయన మాట అందుకున్నారు. మదరసా అక్కడితో ఆగిపోయింది.

నేను మెనూ చెప్పాను. పొద్దున్న ఇడ్లీ, ఉప్మా, సేమ్యా. మధ్యాహ్నానికి పులిహోరో దద్దోజనమో డబ్బాల్లో కట్టిస్తాను. ఆనందరావు గారి మొహం వాడిపోయింది.

"దోసెలు లేవా?"

"టూర్లో దోసెలు వెయ్యను."

"అట్లా అనకండి ఆంటీ. మీ దోసెలని గ్రూపులో పెట్టాకే సగంమంది సైన్ అప్ చేశారు."

ఇక్కడ మా పని గురించి ఒక ముక్క చెప్పాలి. వంటలో రెండు రకాలున్నాయి. బ్యాచ్ కుకింగ్ అంటే ఒక్కసారి పొయ్యి మీద పెడితే అందరికీ ఒక్కసారే దిగేది. ఇడ్లీ, ఉప్మా ఆ జాతి. రెండోది లైవ్ కౌంటర్. తినేవాడు ఎదురుగా నిలబడి ఉండగా ఒక్కొక్కటే వేసి వేడిగా ప్లేటులో పెట్టడం. దోసె ఆ జాతి. పెనం ఒకటి, మనుషులు పదిమంది, మనిషికి మూడంటే ముప్ఫై దోసెలు. మొదటివాడు మూడోది తినేసరికి పదోవాడికి మొదటిది రాదు. పదోవాడు తింటుండగా మొదటివాడికి మళ్ళీ ఆకలేస్తుంది. దోసెకి అంతమనేది ఉండదు. పెళ్ళిళ్ళలో అది బాగానే ఉంటుంది, అక్కడ ఎవరూ ఎక్కడికీ పోనక్కర్లేదు. టూర్లో దోసె పెట్టకూడదని నాకు తెలుసు. తెలిసీ ఒప్పుకున్నాను. డెబ్బై ఏళ్ళు దాటినా పొగడ్త పొగడ్తే.

ఎయిర్‌పోర్టులోనే మొదటి సూచన వచ్చింది, నాకు అర్థం కాలేదు. నా ఇనప పెనం చేతిసంచీలో పెట్టుకున్నాను. స్కానింగు దగ్గర ఆఫీసరమ్మ దాన్ని రెండు చేతులతో ఎత్తి, ఇదేమిటని అడిగింది. "దోసె," అన్నాను. విమానంలోకి పనికిరాదు, పెద్ద పెట్టెలో వేసుకోండి, లేదా వదిలెయ్యండి అంది. ముప్ఫై ఏళ్ళ పెనం. "నేను ఇంటికి పోతాను," అని వెనక్కి తిరిగాను. ఆనందరావు గారు పరుగెత్తుకుంటూ నన్ను మళ్ళీ కౌంటరు దగ్గరికి తీసుకెళ్ళి, ఇంకా బెల్టు ఎక్కని తన పెట్టె తెరిచి, నడవడానికని కొన్న కొత్త బూట్లు తీసి, వాటి స్థానంలో పెనం పెట్టారు. ఆ బూట్లని, మమ్మల్ని దింపడానికొచ్చిన తన బావమరిదికి ఇచ్చి పంపేశారు. ఊరు చూడటానికి పోతూ బూట్లు వదిలి పెనం పట్టుకెళ్ళే మనిషి ఆ ఊరు ఎంత చూస్తాడో నేను అప్పుడే ఊహించి ఉండాల్సింది.

సోమవారం సాయంత్రానికి ఫెజ్ చేరాం. పాత నగరం మధ్యలో మేం దిగిన ఇంటిని రియాద్ అంటారు. వీధిలోకి ఒక చిన్న తలుపు, లోపలికెళ్తే మధ్యలో ముంగిలి, ముంగిట్లో చిన్న నీళ్ళ ఫౌంటెను, చుట్టూ రెండంతస్తుల గదులు. మా సామాను కంచరగాడిదల మీద వచ్చింది. ఆ సందుల్లో బరువు మోసేవి అవే. ఇల్లు చూసుకునే ఆమె పేరు జుబైదా. నా ఈడుదే. వంటగది ఆమెది. నేను పొయ్యి కడిగి తుడిచి ఆమెకి చూపించాను. ఆమె ఒక వేలితో అంచు రాసి వేలు చూసుకుంది. ఇద్దరికీ ఒక్క మాట కలవదు గానీ, ఆ వేలు చూశాక ఈమెతో నాకు పడుతుందని తెలిసింది.

గైడు పేరు ఇద్రిస్. అరవై ఏళ్ళ పెద్దమనిషి, తెల్లటి పొడుగు అంగీ. మంగళవారం పొద్దున్న సరిగ్గా ఎనిమిదికి వచ్చి ముంగిట్లో కూర్చున్నాడు.

ఎనిమిదికి నేను పెనం పెట్టాను. ప్రార్థన పది నిమిషాలు పట్టింది. ఆనందరావు గారు ప్రయాణాన్ని, విమానాన్ని, పైలట్లని, ఫెజ్ నగరాన్ని, నన్ను, పిండిని దీవించమని అడిగారు. తర్వాత మొదలైంది.

"ఆంటీ, నాది కొంచెం క్రిస్పీగా."

"ఆంటీ, ఉల్లిపాయ దోసె కుదురుతుందా?"

"ఆంటీ, ఒక్క నిమిషం, వెయ్యకండి, వీడియో తీస్తాను," అన్నాడు కిరణ్. సాఫ్ట్‌వేర్ అబ్బాయి, గుంపులో అందరికన్నా చిన్నవాడు. వాడు ఆ అయిదు రోజుల్లో ఫెజ్ నగరం మొత్తం మీద తీసిన వీడియోల్లో ఎక్కువ నా కుడిచెయ్యివే.

పదకొండున్నరకి ఆఖరి దోసె దిగింది. అప్పటికి ఎండ ముంగిట్లోకి వచ్చింది. "ఈ ఎండలో ఎక్కడికి?" అని ఎవరో అన్నారు. "లంచ్ తర్వాత వెళ్దాం," అని ఇంకెవరో అన్నారు. ఆనందరావు గారు లాప్‌టాప్ తెరిచి మంగళవారం కింద ఉన్న ఏడు పసుపు గళ్ళని బుధవారం కిందికి జరిపారు. భోజనంలో గుత్తివంకాయ వండాను. ఆ ఊరి వంకాయలు చిన్నవి, లేతవి, నూనె కూడా తక్కువ పట్టింది. తిన్నాక అందరూ నిద్రపోయారు. లేచాక టీ అన్నారు. టీలోకి ఏదైనా అన్నారు. పకోడీలు వేశాను. చీకటి పడింది.

నేను సంతోషంగానే ఉన్నానని ఒప్పుకోవాలి. గిన్నెలన్నీ ఖాళీ. ఒక్క మెతుకు వృథా కాలేదు. వంటమనిషికి ఇంతకన్నా ఏం కావాలి అనుకున్నాను.

బుధవారమూ అంతే. కాకపోతే ఆ రోజు ఇద్రిస్ వంటగది గుమ్మం దగ్గరికి వచ్చాడు. నాకు వచ్చిన ఇంగ్లీషు, ఆయనకి వచ్చిన ఇంగ్లీషు కలిపితే ఒక మనిషికి సరిపోతుంది.

"మేడమ్, ముప్ఫై ఏళ్ళుగా ఈ ఊరు చూపిస్తున్నాను," అన్నాడాయన. "ముంగిలి ఒక్కటే చూపించడం ఇదే మొదటిసారి."

"మీరు కూడా ఒక దోసె తినండి," అన్నాను.

"నిన్న నాలుగు తిన్నాను మేడమ్. అదే నా బాధ. నేను కూడా లేవలేకపోతున్నాను."

ఆయన నవ్వలేదు. నేను చట్నీ వేశాను.

అదే పూట ఫౌంటెను పక్కన సుశీల కనిపించింది. బూట్లు తొడుక్కుని, తాళ్ళు బిగించి కట్టుకుని, భుజానికి సంచీ తగిలించుకుని కూర్చుని ఉంది. చేతిలో చిన్న నోటుబుక్కు. ముంగిట్లో పరిచిన పలకల గీతలు పెన్సిలుతో దించుకుంటోంది.

"ఏమ్మా, తినకుండా ఇక్కడ కూర్చున్నావు? చల్లారితే నేను మళ్ళీ వెయ్యను."

"నేను తినేశాను పిన్నిగారూ. ఏడింటికే, రాత్రి మిగిలిన చపాతీ."

నాకు ముచ్చటేసింది. మిగిలింది తిన్న మనిషి ఆ గుంపులో ఆమె ఒక్కతే.

"మరి బూట్లెందుకు?"

"బయల్దేరతారేమోనని."

"నిన్న కూడా వేసుకున్నావా?"

"నిన్న కూడా."

అప్పుడు కాస్త కాస్తగా చెప్పింది. ఆమె ఎడిసన్ దగ్గర ఒక టైల్స్ షాపులో ఇరవై రెండేళ్ళుగా పని చేస్తోంది. వచ్చినవాళ్ళ బాత్రూములు కొలిచి, ఎన్ని పలకలు పడతాయో చెప్పడం ఆమె పని. "అందరికీ గ్రేయే కావాలి పిన్నిగారూ. పన్నెండు బై ఇరవై నాలుగు, గ్రే. రోజుకి నలుగురొస్తే నలుగురికీ గ్రే." ఈ ఊళ్ళో బో ఇనానియా మదరసా అని పాతకాలం చదువుల బడి ఉందట. దాని గోడల మీద ఒక్కో రంగు ముక్కని చేత్తో చెక్కి అతికించారట. షాపులో ఎవరో వదిలేసిన పత్రికలో ఆ గోడ బొమ్మ చూసి, కత్తిరించి, తన బల్ల ముందు పదేళ్ళుగా అంటించుకుంది. అది చూద్దామనే ఈ ఊరి పేరు ఎత్తింది.

"ఆయనతో చెప్పొచ్చుగా?"

"చెప్పాను. ఎల్లోలో ఉందన్నారు."

"ఇద్రిస్‌ని తీసుకుని నువ్వు వెళ్ళు."

"గైడు అందరికీ ఒక్కడే కదండీ. నా ఒక్కదాని కోసం తీసుకెళ్తే బాగుంటుందా? నాకు ఈ సందుల్లో దారి తెలీదు. ఫోను కూడా ఇక్కడ సరిగ్గా చూపించదు." నోటుబుక్కు మూసి, "రేపు వెళ్తారులెండి," అంది.

గురువారం నిజంగానే బయల్దేరారు. పన్నెండున్నరకి. ఆనందరావు గారికి బూట్లు లేవు కనక ఊరి బయటి నుంచి టాక్సీలో బ్లూ గేటు దాకా పోయారు. నీలం పలకలతో కట్టిన పెద్ద కోట ద్వారం అది. దాని ముందు అందరూ ఫోటోలు దిగారు. జంటలుగా, గుంపుగా, మళ్ళీ జంటలుగా. మదరసా అక్కడికి నాలుగడుగులు. దాని తలుపు దాకా కూడా వెళ్ళారు. అప్పుడు ఆనందరావు గారు గడియారం చూసుకుని, "ఆంటీ ఉలవచారు పెట్టారు, చల్లారిపోతుంది," అన్నారట. తొమ్మిదిమంది వెనక్కి తిరిగారట.

రెండింటికి ముంగిట్లోకి వచ్చి కూర్చున్నారు. వడ్డిస్తూ సుశీలని అడిగాను. "చూశావా?"

"తలుపు చూశాను పిన్నిగారూ," అంది. "చాలా బాగుంది తలుపు."

చేతిలో గరిట ఉంది. ఉలవచారు పొయ్యబోతూ ఆగాను. అంత మంచి చారు పెట్టాననే సంతోషం అంతా ఆ తలుపు దగ్గర ఆగిపోయింది. శనివారం తెల్లవారితే విమానం. మిగిలింది శుక్రవారం ఒక్కటే. ఇద్రిస్‌ని అడిగితే, శుక్రవారం పెద్ద నమాజు కనక మధ్యాహ్నానికి మూసేస్తారన్నాడు. పొద్దున్న తొమ్మిది నుంచి మధ్యాహ్నం దాకా, అంతే. అంటే సరిగ్గా నా దోసెల టైము.

నా వల్ల ఎవరూ పస్తు పడుకోలేదని పన్నెండేళ్ళు గొప్పగా చెప్పుకున్నాను. నా వల్ల ఒకామె పదేళ్ళు చూడాలనుకున్న గోడ చూడకుండా వెళ్ళిపోతుందంటే ఆ గొప్ప ఏం చేసుకోను? ఆనందరావు గారిని తిట్టి లాభం లేదు. ఆయన నిలబడ్డది నా పెనం ముందు.

శుక్రవారం చీకటితోనే లేచాను. ఇడ్లీ రెండు వాయిలు దించాను, సాంబారు కాచాను, పులిహోర కలిపాను. అంతా హాట్‌ప్యాకుల్లో సర్ది మూతలు బిగించాను. పెనం తోమి, పాతచీర ముక్కలో చుట్టి, నా పెట్టెలో పెట్టి తాళం వేశాను. పొయ్యి కడిగేశాను. జుబైదా వచ్చి చల్లటి పొయ్యిని చూసి, నన్ను చూసి, చెయ్యి తిప్పింది, ఏమైందని. నేను మేడ మీది గదులు చూపించి, రెండు చేతులూ చెంప కింద పెట్టుకుని నిద్ర నటించాను. తర్వాత హాట్‌ప్యాకులూ, సుశీల బూట్లూ చూపించి, మదరసా వైపు చెయ్యెత్తాను. ఇల్లు చూసుకునే మనిషికి అంతకన్నా వివరం అక్కర్లేదు. వీధిలోకి వెళ్ళి పది నిమిషాల్లో కంచరగాడిదని, దాని యజమానిని తీసుకొచ్చింది.

ఎనిమిదిన్నరకి ఇడ్లీలు గాడిద మీద, సుశీల దాని వెనక, ఇద్రిస్ ముందు నడుస్తూ బయల్దేరారు. సుశీల గుమ్మం దగ్గర ఆగి, "ఆయన అడిగితే?" అంది.

"నేనున్నాగా. పో," అన్నాను.

తొమ్మిదికి ఒక్కొక్కరే దిగారు. ప్లేట్లు లేవు. పొయ్యి లేదు. నేను ఒక కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాను.

"ఆంటీ, పెనం ఏదీ?" అన్నారు ఆనందరావు గారు.

"పెట్టెలో పెట్టేశాను."

"ఫ్లైటు రేపు కదా!"

"మీకు రేపు. పెనానికి ఈ రోజే."

"అంటే టిఫిన్ లేదా?" కిరణ్ వీడియోకని తీసిన ఫోను దించేశాడు.

"ఎందుకు లేదు? ఇడ్లీ, సాంబారు, కారప్పొడి, నెయ్యి. మదరసా దగ్గరున్నాయి. అరగంట క్రితం బయల్దేరాయి."

ఆనందరావు గారు ఆఫీసు గొంతు తీశారు. "ఆంటీ, దిస్ ఈజ్ నాట్ ద ప్లాన్. టిఫిన్ రియాద్‌లో అని మనం అగ్రీ అయ్యాం. వాట్సాప్‌లో ఉంది. నేను గ్రూపులో ఫీడ్‌బ్యాక్ రాయాల్సి వస్తుంది."

"రాసుకోండి. నడుస్తూ రాయండి. ఇడ్లీ చల్లారిపోతుంది."

"సుశీల ఏది?"

"ఇడ్లీతో వెళ్ళింది."

మా రియాద్ లోయలో ఉంది, మదరసా గుట్ట మీద. మధ్యలో ఉన్నదంతా ఎక్కుడే. జుబైదా ముందు నడిచింది, ఆమె వెనక నేను, నా వెనక ఖాళీ కడుపుల్తో తొమ్మిదిమంది, వాళ్ళలో ఆఖర్న రబ్బరు చెప్పుల్లో ఆనందరావు గారు. రాగి గిన్నెలు కొట్టే బజారు వచ్చింది. ఒక్కో కొట్టు ముందు నా నడుమంత ఎత్తు డేగిసాలు. సుత్తుల మోతకి మాట వినపడదు. నేను కూడా రెండు క్షణాలు ఆగాను, ఆ అడుగుమందం చూడటానికి. తర్వాత పెద్ద మసీదు గుమ్మం వచ్చింది. మనం లోపలికి పోకూడదు గానీ, తలుపులోంచి తెల్లటి ముంగిలి కనపడుతుంది. తర్వాత వడ్రంగుల చౌకు, అందులో పలకలతో చేసిన కుళాయి గోడ. ఇవన్నీ పసుపు గళ్ళట.

"ఆంటీ, ఇది కూడా లిస్టులో ఉంది! ఇది కూడా!" కిరణ్ ఫోనులో చూస్తూ అరిచాడు. ఆకలితో నడుస్తూనే ఆరు ప్రదేశాలు చూసేశారు వాళ్ళు.

ఎదురుగా తోళ్ళ మోపుతో మరో గాడిద వచ్చింది. "బాలక్! బాలక్!" అని దాని మనిషి కేకేశాడు. తప్పుకోండని. అందరం గోడకి అంటుకుపోయాం. ఆనందరావు గారి చొక్కాకి తోలు రాసుకుంది.

"ఇంకెంత దూరం ఆంటీ?"

"సాంబారు వాసన వచ్చేదాకా."

"తోలు వాసన వస్తోంది."

"అయితే ఇంకా రాలేదు. నడవండి."

పదింటికి మదరసా చేరాం. గుమ్మం పక్కన గాడిద నిలబడి ఉంది, దాని పక్కనే రాతి అరుగు మీద హాట్‌ప్యాకులు, వాటికి కాపలా గాడిద యజమాని. అందరూ అటు నడవబోయారు. నేను అడ్డం నిలబడ్డాను.

"ముందు లోపలికి. బయటికొచ్చినవాళ్ళకి ఇడ్లీ. లోపల తినకూడదు, అది వాళ్ళ షరతు. చూడకుండా తినకూడదు, ఇది నా షరతు."

"ఫైవ్ మినిట్స్," అని ఆనందరావు గారు గ్రూపుకి చెప్పారు. "క్విక్‌గా చూసి వచ్చేద్దాం."

అయిదు నిమిషాలయింది. ఎవరూ రాలేదు. నేను ప్లేట్లు తుడిచాను. పావుగంటయింది. చట్నీ కలిపాను. అరగంటయింది. నా ఇడ్లీలు సిద్ధంగా ఉండగా అరగంట సేపు ఒక్క మనిషి రాకపోవడం నా పన్నెండేళ్ళలో జరగలేదు. నాకు కోపం వచ్చింది. జుబైదాని కాపలా పెట్టి లోపలికి వెళ్ళాను.

తెల్లటి రాతి ముంగిలి. నాలుగు వైపులా గోడలు. నడుము ఎత్తు దాకా రంగు ముక్కలు, దాని పైన లేసు అల్లినట్టు చెక్కిన సున్నం, దాని పైన నల్లటి కొయ్య. నేల మీద తొమ్మిదిమందీ చతికిలబడి కూర్చున్నారు. గోడ ముందు సుశీల నిలబడి ఉంది. మాట్లాడుతోంది. మా ఇంట్లో, ముంగిట్లో వినపడీ వినపడనట్టు మాట్లాడే మనిషి, అక్కడ షాపులో కొనేవాళ్ళకి చెప్పినట్టు గొంతెత్తి చెబుతోంది.

"పెద్ద పలక కాల్చి, రంగేసి, దాని మీద గీత గీసి, ఉలితో ఒక్కో ముక్కా కొట్టి తీస్తారు. ఈ నక్షత్రం చూడండి, ఇందులో ఎన్ని ముక్కలో. ఒకటి గోరంత తేడా వస్తే పక్కది పట్టదు. ఇంకోటి తెలుసా, ఇవన్నీ నేల మీద బోర్లా పేరుస్తారు. రంగు వైపు కిందికి. పేర్చేవాడికి రంగు కనపడదు. వెనక సున్నం పోసి, ఎండాక లేపి గోడకి నిలబెట్టాకే బొమ్మ చూస్తాడు."

"తప్పు పెడితే?" కిరణ్ అడిగాడు.

"పెట్టడు," అంది సుశీల.

ఎవరూ ఫోను తియ్యలేదు. ఆనందరావు గారు గోడని కాదు, భార్యని చూస్తున్నారు. "ఇవన్నీ నీకెలా తెలుసు?" అన్నారు.

"మీకు మూడుసార్లు చెప్పానండీ."



తిడదామని వచ్చిన నేను కూడా గోడ దగ్గరికి పోయాను. ముక్కలు చూశాను. నా జన్మలో ఎన్ని వేల ఉల్లిపాయలు తరిగి ఉంటానో, నాకు తెలుసు ఒక్క తీరుగా కొయ్యడం ఎంత కష్టమో. ఇన్ని చెక్కినవాళ్ళు ఎన్ని నెలలు ఇక్కడ కూర్చుని ఉంటారు? వాళ్ళకి మధ్యాహ్నం ఎవరు వండి పెట్టారు? ఏం పెట్టి ఉంటారు? ఇంత గోడ పూర్తయిందంటే ఒకటి మాత్రం ఖాయం. ఆ వంటమనిషి దోసెలు వేసి ఉండదు.

నమాజు వేళకి కాపలావాడు వచ్చి అందరినీ బయటికి పంపించాడు. అప్పుడు గానీ ఎవరికీ ఆకలి గుర్తు రాలేదు. అరుగు మీద వరుసగా కూర్చుని చల్లటి ఇడ్లీ తిన్నారు. ఒక్కరూ వేడిగా లేదనలేదు. గాడిద యజమానికీ, ఇద్రిస్‌కీ, జుబైదాకీ పెట్టాను. జుబైదా ఇడ్లీని వేలితో నొక్కి చూసి, తల ఊపి, ఇంకోటి తీసుకుంది.

ఆనందరావు గారు ఆరు ఇడ్లీలు తిని చెయ్యి కడుక్కుని, "సరే, పదండి, రియాద్‌కి పోయి కాస్త నడుం వాలుద్దాం," అన్నారు. అందరూ లేచారు. సుశీల లేవలేదు.

"నమాజు అయ్యాక ఇవాళ మళ్ళీ తెరుస్తారట, కాపలావాడు చెప్పాడు," అంది. "తూర్పు గోడ ఇంకా చూడలేదు. మీరు వెళ్ళండి. నేను ఇక్కడే ఉంటాను."

"ఎంతసేపు?"

"తెరిచేదాకా. తర్వాత చూసేదాకా."

ఆయన వీధి కిందికి చూశారు. రియాద్ అటు ఉంది, మంచం అటు ఉంది, సాయంత్రం పకోడీలు కూడా అటే. నా వైపు చూశారు. నేను మూతలు పెట్టుకుంటున్నాను. ఆయన రబ్బరు చెప్పులు విడిచి, పక్కన జతగా పెట్టి, అరుగు మీద ఆమె పక్కన కూర్చున్నారు.

రెండు గంటల పైన అలాగే కూర్చున్నారట. ఎండలో. తిండి లేకుండా. నేను అక్కడ లేను, గిన్నెలు తోముకోవాలి కనక వచ్చేశాను. ఇద్రిస్ చెప్పాడు. మేడమ్ గోడ చూస్తున్నంతసేపూ సారు ఆమె సంచీ పట్టుకుని వెనకే తిరిగాడట.

ఈ పనిలో నేను నేర్చుకున్నవి చాలా వరకు చెయ్యి కాల్చుకుని నేర్చుకున్నవే. ఇది మాత్రం చెయ్యి కాలకుండా వచ్చింది. ప్లేట్లు ఖాళీ అయితే పని బాగా జరిగినట్టేనని అనుకునేదాన్ని. తినేవాళ్ళ మధ్య తినకుండా బూట్లేసుకుని కూర్చున్న మనిషి ఉందేమో చూడాలని అప్పటిదాకా నాకు తోచలేదు. ఇప్పుడు టూర్ ఆర్డరొస్తే ముందు ఎంతమంది అని అడగను. "ఆ ఊరు చూడాలని మీలో నిజంగా కోరుకున్నది ఎవరు?" అని అడుగుతాను. ఫోనులో అవతలివాళ్ళు తడబడతారు. ఆ మనిషి ఎవరో తేలాక, ఆమెకే ఫోనివ్వమని, ఎన్నింటికి బయల్దేరాలనుకుంటోందో అడిగి, దానికి గంట ముందు గిన్నెలు ఖాళీ అయ్యేలా మెనూ చెప్తాను.

మొన్న వేసవిలో ఒకాయన అంతా విని, ఒప్పుకుని, చివర్లో మెల్లగా అడిగాడు. "ఆంటీ, మరి దోసెలుంటాయా?"

"ఉంటాయి," అన్నాను. "తిరిగొచ్చాక మా ఇంటికి రండి. ఏం చూశారో చెప్తూ తినండి. చెప్పడానికి ఏమీ లేనివాళ్ళకి వెయ్యను."